బల్ల మీద పరిచిన నా అంగీ

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నాకు ఇంతవరకు ఎవరూ అవకాశం ఇవ్వలేదు. ఆదివారం పాటలు అయిపోయాక, ప్రసంగానికి ముందు, "ప్రభువు మీకు చేసిన మేలు చెప్పాలనుకునేవాళ్లు చెయ్యెత్తండి" అంటాడు సంఘపెద్ద దేవదానం. నేను ఎత్తుతాను. మొదటి వరుసలో కిటికీ పక్కన కూర్చుంటాను కాబట్టి నా చెయ్యి కనబడలేదనడానికి వీల్లేదు. ఆయన చూపు నా చేతి దాకా వస్తుంది, అక్కడి నుంచి లేచి పంకా వైపు పోతుంది, మళ్లీ ఎక్కడో వెనక వరుసలో దిగుతుంది. బీడీలు మానేసి పట్టుమని పక్షం తిరగనివాడు సాక్ష్యం చెప్పాడు. పోయిన సెల్‌ఫోను బస్సు సీటు కింద దొరికినామె చెప్పింది. కోడలికి మగపిల్లవాడు పుట్టాడని ఒకాయన చాలాసేపు చెప్పాడు, కన్న కోడలు మాత్రం పక్కనే నేల చూస్తూ కూర్చుంది. ఒకసారి ఆగలేక నేనే లేచి నిలబడ్డాను.

"మీకేం జరిగిందన్నా?" అన్నాడు దేవదానం, మైకు తన దగ్గరే పెట్టుకుని.

"ఇంకా జరగలేదు" అన్నాను.

"అట్లయితే జరిగినంక చెబుదురులేన్నా. కూచ్చోండి."

జనం నవ్వారు. ముందుగా నవ్విందెవరో నాకు తెలుసు, ఇక్కడ పేరు రాయను. వాగ్దానం నెరవేరినవాళ్లే సాక్ష్యం చెప్పాలన్న నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. నెరవేరనివాడు ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చోవడం ఏ లెక్కలోకి వస్తుందో అడిగితే ఎవరూ చెప్పరు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. ఇక్కడ మైకు నా చేతిలోనే ఉంది.

మరుగున పడిన ఈ సంగతిని కెలికినవాడు ఈరన్న. ఆదోనిలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ ఒకటే గోడ. ఇద్దరం ఆ గోడకు అటొకరం ఇటొకరం పుట్టాం. ఈ శ్రావణంలో మనవడికి ఉరుకుంద ఈరన్నస్వామి గుడి దగ్గర తలవెంట్రుకలు తీయించి, నన్ను భోజనానికి రమ్మన్నాడు. నేను పోయేసరికి తతంగం అయిపోయింది. పిల్లవాడు నున్నటి గుండుకు గంధం పూసుకుని వెక్కుతున్నాడు. రాళ్ల పొయ్యిల మీద ఆడవాళ్లు బొబ్బట్లు, మా వైపు ఓళిగలంటాం, కాలుస్తున్నారు. ఈరన్న నన్ను చాప మీద కూర్చోబెట్టి, వేరే డబ్బాలోంచి ఓళిగలు తీసి నా విస్తట్లో వేశాడు.

"తినరా దాసూ. ఇవి సామికి సూపియ్యకముందే నీకోసరం తీసి పెట్టిపిచ్చినా. మాయమ్మ ఉన్నప్పుడు ఎట్లనో ఇప్పుడూ అట్లనే."

అది నిజమే. వాళ్లమ్మ నాగమ్మ ప్రతి పండక్కీ నైవేద్యం పెట్టకముందే మా వాటా పక్కన పెట్టి, గోడ మీది నుంచి అందించేది. మేము నైవేద్యం తినమని ఆమెకు తెలుసు. మేము ఓళిగలు తింటామని కూడా తెలుసు. రెంటినీ కలిపి ఆలోచించగలిగిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే.

నేను రెండో ఓళిగ మీద నెయ్యి పోసుకుంటుండగా ఈరన్న తన గుండు తడుముకుంటూ అన్నాడు. "మాయమ్మ నాకు మొక్కింది తీరిపాయ. నా కొడుకుదీ తీరిపాయ. ఇప్పుడు మనవనిది. మూడు తరాలు నున్నగైతిమి. అవునురా, మీయమ్మ మొక్కు సంగతేమాయ? మీ సామి ఇంగా మంగలిని పంపలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా బస్సులో నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ మొక్కు కథ ఇది. మేమిద్దరం ఇంకా సరిగ్గా నడవకముందు ఇద్దరికీ ఒకే జ్వరం వచ్చిందట. ఒకే వారంలో ఒళ్లంతా తట్టు పోసి, ఇద్దరమూ కళ్లు తెరవలేదట. ఒక గుమ్మంలో మా అమ్మ సువార్తమ్మ, పక్క గుమ్మంలో నాగమ్మ. ఈమె ప్రభువును పిలుస్తుంటే ఆమె ఆగేదట, ఆమె ఈరన్నస్వామికి మొరపెడుతుంటే ఈమె ఆగేదట. ఇద్దరూ ఒకేసారి అరిస్తే పైన ఎవరికీ సరిగా వినపడదని వాళ్ల భయం. నాగమ్మ, పిల్లవాడు బతికితే తలవెంట్రుకలు ఇస్తానని మొక్కింది. మా అమ్మ, పిల్లవాడు బతికితే పిల్లవాణ్ణే ఇస్తానని మొక్కింది. బేరం తెలియని మనిషి. ఇద్దరమూ బతికాం. అంతవరకు ఇద్దరినీ చిన్నోడనే పిలిచేవాళ్లు. జ్వరం దిగాక వాడు ఈరన్న అయ్యాడు, నేను ప్రభుదాసునయ్యాను. జుట్టు పెరిగాక వాణ్ణి పొద్దున బస్సెక్కించి ఉరుకుంద తీసుకుపోయి, గుండు చేయించి, సాయంత్రానికి ఇంటికి తెచ్చారు. వాడి బాకీ అక్కడితో తీరిపోయింది. నన్ను మాత్రం అమ్మ మా గుడికి, అంటే చర్చికి, తీసుకుపోయి పాస్టరు అయ్యగారి ముందు నిలబెట్టింది.

మా అయ్యగారి పేరు జీవరత్నం. పొడుగాటి మనిషి, సైకిలు మీద వచ్చేవాడు. ఎప్పుడూ తలనొప్పే కాబట్టి ఆయన చేతులు అమృతాంజనం లాంటి వాసన వేసేవి. ఆ చెయ్యి నా నెత్తిన పెట్టి ప్రార్థన చేసి, సంఘమంతా వింటుండగా చెప్పాడట. "సమయం వచ్చినప్పుడు ప్రభువే ఈ బిడ్డను పేరు పెట్టి పిలుస్తాడు. ఆ దినాన నేనే వీని చెయ్యి పట్టుకొని సేవలో నిలబెడతాను." అందులో రెండు వాగ్దానాలు ఉన్నాయి. ఒకటి ప్రభువుది, ఒకటి జీవరత్నం అయ్యగారిది. చాలామంది రెంటినీ ఒకటిగా కలిపేస్తారు. నేను కలపను.

సేవకు ఇచ్చిన బిడ్డ ఇంట్లో ఎట్లా పెరుగుతాడో పెరిగినవాడికే తెలుస్తుంది. మా అన్నను, చెల్లెలిని అమ్మ నోరారా తిట్టేది, చీపురు తిరగేసి కొట్టేది. నన్ను తిట్టేది కాదు. "నువ్వు ఆయన సొత్తు. నిన్ను కొట్టేకి నాకేం హక్కుంది" అనేది. తిట్టు తినడానికి కూడా నోచుకోని పిల్లవాడిని వీధిలో ఎవరూ ఆటలో చేర్చుకోరు. జాతరకు పోకూడదు, డేరా సినిమాకు పోకూడదు, ఎప్పుడైనా బొంగరాల ఆటలో చేర్చుకుని, నేను గెలిచినా బొంగరం తెచ్చుకోకూడదు. పొద్దున్నే, అమ్మ మిల్లుకు పోకముందు, పుంటికూర ఉడుకుతున్న వాసనలో ప్రార్థన. నాయిన మార్కెట్టు యార్డులో పత్తి మూటలు మోసే హమాలీ. ప్రార్థనలో ఆయన తల గోడకు ఆనించి కళ్లు మూసేవాడు. భక్తితో మూశాడో నిద్రతో మూశాడో అమ్మ ఎప్పుడూ తేల్చలేకపోయింది. జొన్నరొట్టె మొదటిది నాకే పెట్టేది. దానికి నాయిన ఒకరోజు అడ్డం పడ్డాడు.

"దేవునికిచ్చినోనికి మనింట్లో రొట్టెలేంది సువార్తా? ఆయన్నే పెట్టుకోమను."

"ఆయనే పెడతాండాడు" అంది అమ్మ, రొట్టె తిరగేస్తూ. "నీ నెత్తిన మూటలు పెట్టి మోపిచ్చుకోని పెడతాండాడు. తెలుస్తాలేదా నీకు?"

నాయిన మెడ నిమురుకుని, "తెలుస్తాంది, తెలుస్తాంది. ఈడ బాగ తెలుస్తాంది" అన్నాడు.

బైబిల్లో, గుడిలో పడుకున్న పిల్లవాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలిచిన కథ అమ్మ నాకు చెప్పని వారం లేదు. ఆ పిల్లవాడు ఎవరు పిలిచారో తెలియక లేచి పెద్దాయన దగ్గరికి పరిగెత్తిపోయి, పిలిచావా అని అడుగుతాడు. అందుకని నాకూ ఒక పద్ధతి నేర్పింది. ఎవరైనా పేరు పెట్టి పిలిచినట్టనిపిస్తే పలకకుండా ముందు ఆమె దగ్గరికి పోయి అడగాలి. నేను వీధిలోంచి, పెరట్లోంచి, బడి నుంచి కూడా పరిగెత్తి వచ్చి అడిగేవాణ్ణి.

"పిల్చినావా మా?"

"నేను పిల్చలా. ఎట్లుండె గొంతు? లావుగా ఉండెనా? యాడి నుంచి వచ్చె?"

విచారిస్తే ప్రతిసారీ మా నాయిన నీళ్ల బిందె ఎత్తడానికి పిలిచినదే అయ్యేది. నేను అమ్మను అడిగి తిరిగి పోయేలోపు ఆయనే ఎత్తుకుని, నన్ను చూసి, "నన్నేనా నువ్వు దేవుడనుకునింది? అట్లనన్నా ఇంట్లో ఒకడు అనుకునె" అనేవాడు.

ఇక అంగీ సంగతి. సేవలోకి పోయేవాడికి తెల్లటి పొడుగు అంగీ ఉండాలి. ఆ గుడ్డ తన చేతి మీదుగా రావాలని అమ్మ పట్టు. ఆమె పత్తి మిల్లులో పని చేసేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలంతా, చీరంతా, కనుబొమ్మల మీద కూడా పత్తి నూగు అంటుకుని ఉండేది. గేటు దగ్గర చీర కొంగులు దులిపించి చూసేవాళ్లు గాని, జుట్టులో చిక్కుకున్నదాని జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. "ఇది ఎవ్వరిదీ కాదు, నా ఒంటి మీదికి వచ్చి పడింది" అని ఆమె వాకిట్లో కూర్చుని దువ్వెనతో ఆ నూగు దువ్వి, ఒక మట్టికుండలో వేసి మూత పెట్టేది. వేసవులు, వానకాలాలు తిరిగిపోయాయి. కుండ నిండింది. నిండిన కుండను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది.

ఎమ్మిగనూరులో మాకు తెలిసిన ఒక మగ్గం తాత ఉండేవాడు. గుంటలో కాళ్లు పెట్టి మగ్గం మీద కూర్చున్న మనిషి కుండ మూత తీసి చూసి, చెయ్యి పెట్టి చూసి, మా అమ్మ మొహం చూశాడు.

"ఏంది తల్లీ ఇది?"

"పత్తప్పా. మావాని అంగీకి గుడ్డ నెయ్యాల."

"ఇది పత్తి కాదు, దుమ్ము. దీంట్లో దారం ల్యా. దిండులో కూరుకోని పండుకోపో."

మా అమ్మ ఏడవలేదు. కుండ అక్కడే పెట్టి, ఆ ఇంటి గడపలో కూర్చుంది. తాత రెండు మూడుసార్లు పొమ్మన్నాడు. ఆమె లేవలేదు. ఈ మొండితనం నాకు ఎక్కడి నుంచి వచ్చిందని నన్ను అడిగేవాళ్లకు ఇదే జవాబు. చివరికి తాత తల్లి, చూపు ఆనని ముసలామె, లోపలి నుంచి వచ్చి కుండలో చెయ్యి పెట్టింది. కొంత నూగు తీసి తొడ మీద పెట్టుకుని, దీపం వత్తి చేసినట్టు చేత్తో పేనడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా పేనితే ఒక లావుపాటి ఎగుడుదిగుడు పోగు వచ్చింది. తాత మిల్లు నూలుతోనే గుడ్డ నేసి, అంచుకు దగ్గరగా ఆ ఒక్క పోగును వేశాడు. చూస్తే కనపడదు. వేలితో రాస్తే తెలుస్తుంది, పాత గాయం మానిన చోట చర్మంలా. ఆ పోగు మా అమ్మ తల దువ్వుకున్న సాయంత్రాలన్నీ.

పిలుపు వచ్చిన రోజున కొలతలిచ్చి కుట్టిద్దామని గుడ్డను వేపాకులేసి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టాం. ఒక క్రిస్మస్‌కు పై ఊరి నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నారని కబురొచ్చింది. గుడిలో రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల మీది గుడ్డను ఎలుకలు కొట్టాయి. అయ్యగారి భార్య, మేము అమ్మగారు అనేవాళ్లం, స్వయంగా మా ఇంటికి వచ్చింది.

"సువార్తమ్మా, నీ దగ్గర తెల్లగుడ్డ ఉందంట గదా. ఈ ఒక్క ఆదివారానికి ఇయ్యి. ఉతికి పంపిస్తా."

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. ఉతికి పంపిస్తానంది. అమ్మ సంతోషంతో చేతులు తుడుచుకుని ట్రంకు తెరిచింది. ఆ ఆదివారం నా అంగీ బల్ల మీద పరిచారు. జీవరత్నం అయ్యగారు దాని మీద రెండు చేతులూ పెట్టి, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. నా నెత్తి మీద చేసిన ప్రార్థన కంటే అది పొడుగు. తరువాత ఆదివారం కూడా గుడ్డ అక్కడే ఉంది. ఆ తరువాత కూడా. అమ్మ మొహమాటంగా అడిగితే అయ్యగారు, "ప్రతిష్ఠించిన గుడ్డ మళ్లీ ఇంటికి పోకూడదమ్మా" అన్నారు. అమ్మ దానికీ సంతోషించింది. నాయిన మాత్రం ఇంటికి వచ్చాక, "చూడు, వానికంటే ముందు వాని అంగీ సేవలో చేరిపాయ" అన్నాడు. ఆ ఇంట్లో నా పక్షాన మాట్లాడింది ఆయన ఒక్కడే. అదీ ఎగతాళికి.

నేను ప్రభువు బల్లలో చేరి మొదటిసారి రొట్టె అందుకున్న రోజున, మోకరించి, ఎవరూ చూడకుండా వేలితో గుడ్డ అంచు తడిమాను. పోగు తగిలింది. అందరూ తమ పాపాలు తలుచుకుంటున్న వేళ నేను నా కొలతలు తలుచుకున్నాను.

పిలుపు రాలేదు. పాస్టర్లను తయారుచేసే వేదపాఠశాలకు పంపే అవకాశం వచ్చినప్పుడు జీవరత్నం అయ్యగారు తన చెల్లెలి కొడుకును పంపారు. వాడికి పిలుపు వచ్చిందట. వాడు మా వీధి పిల్లలతో డేరా సినిమాకు దొంగతనంగా పోతూ, నన్ను మాత్రం రానివ్వనివాడు. కొంతకాలానికి అయ్యగారికి దేవనకొండ వైపు బదిలీ అయింది. సామాను ఎక్కించిన లారీ దగ్గర అమ్మ నన్ను పట్టుకుని నిలబడింది. నన్ను కొంచెం ముందుకు తోసింది, అంతే. ఆయన ఎప్పటిలాగే నెత్తిన చెయ్యి పెట్టి, "సమయం ఉంది" అన్నాడు. అదే తైలం వాసన. లారీ కదిలింది. సమయం ఉన్నమాట నిజమే. ఇప్పటికీ ఉంది.

తరువాత వచ్చిన ప్రతి అయ్యగారికీ అమ్మ ఈ కథ మొదటి నుంచి చెప్పింది. ఒకాయన పిలుపు లోపల కలగాలన్నాడు. ఒకాయన ముందు చదువు అయిపోనీ అన్నాడు. ఇంకొకాయన కథ విని, చాలా బాగుంది, ప్రసంగంలో వాడుకుంటానన్నాడు. వాడుకున్నాడు కూడా, అందులో పిలుపు వచ్చినట్టు మార్చి.

నాకు వచ్చింది ఎమ్మిగనూరు బస్టాండులో ఉద్యోగం. చిన్న గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో చెప్పాలి. పేరు పెట్టి పిలుస్తారని ఎదురుచూడడానికి పుట్టినవాడు బతుకంతా ఊళ్ల పేర్లు పెట్టి జనాన్ని పిలిచాడు. ఆదోని పోయేవాళ్లు రండి, చిప్పగిరి పోయేవాళ్లు రండి. శ్రావణంలో అయితే పొద్దుగూకులూ ఉరుకుందే. ఈరన్నస్వామి భక్తులను నేను పిలిచినన్ని సార్లు ఆ గుడి పూజారి కూడా పిలిచి ఉండడు. నేను పిలిస్తే జనం మూటలు, పిల్లలు, కోళ్లతో సహా పరిగెత్తి వచ్చేవాళ్లు. పిలవడం ఏమంత కష్టమైన పని కాదని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం ఆదోని చేరి చెప్పులు విడుస్తుంటే అమ్మ అడిగేది. "ఏమన్నా పిలిచినాడా?" మిగతా ఇళ్లలో తల్లులు టీ తాగుతావా అని అడిగినట్టే ఉండేది ఆ గొంతు. లేదంటే, "సరే, కాళ్లు కడుక్కో" అనేది. నాకు పెళ్లయింది, పిల్లలయ్యారు, నాయిన పోయాడు. ప్రశ్న మారలేదు. ఒకసారి విసుగొచ్చి, "నీ దేవునికి నేను పనికిరాలేదేమో మా" అన్నాను. ఆమె చేటలో చెనిక్కాయలు చెరగడం ఆపలేదు. "పనికిరానోన్ని బతికిచ్చేకి ఆయనకేం పనిలేదా? ఆలిస్యమయితాందంతే" అంది.

చివరి రోజుల్లో ఆదోని ఆస్పత్రిలో, మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతుంటే, అమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. క్షమాపణ అడుగుతుందనుకున్నాను. ఆమె నా చొక్కా గుండీ సరిచేసి, "దాసూ, నేను పోతానే మొదాట ఆయన్ని ఇదే అడుగుతా. ఎదురుగా నిలబడి అడుగుతా. నువ్వు తయారుగా ఉండు" అంది. ఎమ్మిగనూరులో గడప మీద కూర్చున్నప్పటి మొహమే.

ఈరన్న మనవడి భోజనానికి పోయి ఉరుకుంద నుంచి వచ్చిన మరునాడు నేను గుడికి పోయాను. పాత గుడి ఇప్పుడు లేదు. టైల్సు పరిచిన పెద్ద హాలు, రంగులు మారే దీపాల సిలువ, చెవులు పగిలే సౌండు బాక్సులు. అప్పుడు సున్నం గోడకు ఆనుకుని కూర్చుంటే వీపున తెల్లటి మచ్చ పడేది, ఆ మచ్చను బట్టి ఎవరు గుడికి పోయివచ్చారో వీధికి తెలిసేది. ఇప్పుడు వీపుకు ఏదీ అంటదు. బల్ల మీద జరీ అంచు ముఖమల్ ఉంది. దేవదానం కుర్చీలు సర్దుతున్నాడు. పాత తెల్లగుడ్డ ఎక్కడుందని అడిగాను.

"ఏ గుడ్డన్నా?"

చెప్పాను. ఆయన తల గోక్కుని, మైకు పెట్టె ఎత్తి, దాని కింద మడిచి పెట్టిన గుడ్డ లాగాడు. పెట్టె అదిరి చప్పుడు చేస్తుంటే కింద మెత్తగా వేశారట. పసుపు తిరిగింది, ఒక మూల కాలింది. అంచు తడిమాను. పోగు ఉంది.

"ప్రతిష్ఠించిన గుడ్డ ఇంటికి పోకూడదంట గదా?" అన్నాను.

"అట్లని ఎవురు సెప్పినారన్నా? పాతది. కావాలంటే ఎత్తకపోండి" అన్నాడు దేవదానం.

అంత సులువుగా వచ్చేసింది. అడగడానికి మా అమ్మ లేనప్పుడు వచ్చింది. నేను దాన్ని కుంకుడు రసంలో నానబెట్టి ఉతికి, వాకిట్లో తీగ మీద ఆరేశాను. ఇప్పుడు అది నా పొట్టకు చాలదు, ఆ సంగతి వేరు.

నేను నమ్మకం వదులుకున్నానని ఎవరూ అనుకోవద్దు. వదులుకున్నవాడికి అడిగే హక్కు ఉండదు, నేను ఆ హక్కును అంత తేలిగ్గా పోగొట్టుకునేవాణ్ణి కాదు. ఈ ఆదివారం కూడా కిటికీ పక్కనే కూర్చుంటాను, చెయ్యెత్తుతాను. దేవదానంతో నాకు పని లేదు. జీవరత్నం అయ్యగారు పోయి చాలాకాలమైంది, ఆయన వాగ్దానాన్ని ఆయనతోనే పోనిచ్చాను. మిగిలింది ఒక్కటే. ప్రభువా, మా అమ్మ వచ్చి నీ ఎదుట నిలబడి అడిగే ఉంటుంది. అడుగుతానని అడగకుండా ఊరుకునే మనిషి కాదు. నువ్వు పొమ్మన్నా పోయి ఉండదు, నీ గడపలోనే కూర్చుని ఉంటుంది. ఆమెకు ఏం చెప్పావు? పిలిచేటట్టయితే పేరు పెట్టి పిలువు, నాకు చెవులు బాగానే వినపడుతున్నాయి. పిలిచే ఉద్దేశం లేకపోతే ఆ మాటన్నా చెప్పు. ఇప్పుడు పక్కగదిలోకి పోయి పిలిచావా అని అడగడానికి నాకు ఎవరూ లేరు. గుడ్డ ఆరింది. తలుపు తీసే ఉంది. ఎవరో ఒకరు, నువ్వో, మా అమ్మో, నాకు జవాబు చెప్పండి.